రెక్కల కష్టం గిట్టుతుందా? జైనూర్ చెప్పే లెక్క

పత్తి అమ్మి డబ్బు చేతికి వచ్చిన రాత్రి జైనూర్ మండలంలో ఏ గూడెంలోనైనా జరిగే పని ఒకటే. ఎవరికి ఎంత ఇవ్వాలో వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం. విత్తనాల దుకాణానికి ఇంత, మందులకు ఇంత, కలుపు తీసినవాళ్లకు ఇంత, ఆసుపత్రికని తెచ్చిన అప్పు మీద మిత్తి ఇంత. అన్నీ తీసేశాక ఇంటాయన ఇంటావిడ వైపు చూసి అడిగే మాట కూడా ఒకటే: ఇంతా చేస్తే మనకేం మిగిలింది?

ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. కష్టే ఫలి అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్లం మనం. పని చేస్తే ఫలితం ఉంటుందన్నది మనకు ఆలోచన కూడా కాదు, నమ్మకం. కానీ పొద్దున లేచింది మొదలు చీకటిపడే దాకా చేసినవాళ్లే ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు వాళ్ల నమ్మకాన్ని కాక లెక్కను చూడాలి. బతకడానికి చేసే పని నిజంగా గిట్టుబాటవుతుందా? ఎప్పుడు అవుతుంది, ఎప్పుడు కాదు? కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఈ చిన్న మండలం ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి మంచి చోటు. ఎందుకంటే ఇక్కడి గోండులు, కోలాములు వందేళ్ల లోపు పనిలో ఉన్న రూపాలన్నీ చూశారు. వెట్టి చేశారు, జీతాలు ఉన్నారు, సొంత చేను దున్నారు, అప్పు మీద పత్తి పండించారు, ఉపాధి హామీలో మట్టి తవ్వారు. మనిషి అదే, రెక్కలు అవే. ఫలితం మాత్రం ప్రతిసారీ వేరుగా వచ్చింది.

ముందు ఒక ఎకరం చేను తీసుకుందాం. ఇది ఎవరి ఇంటి లెక్కా కాదు, అర్థం కావడానికి నేను వేసి చూపిస్తున్నది. ఊరిని బట్టి, నేలను బట్టి అంకెలు మారతాయి. వర్షాధారం చేను, నీటి వసతి లేదు. పత్తి విత్తనాలు రెండు ప్యాకెట్లు. 2025లో ప్రభుత్వం ప్యాకెట్‌కు కట్టిన గరిష్ఠ ధర 901 రూపాయలు, అంటే విత్తనానికే 1,800. దుక్కి, గుంటుక తోలడం 3,500. ఎరువులు 4,200. పురుగుమందు, గడ్డిమందు 4,000. కలుపు కూలి 4,500. పంట ఆరు క్వింటాళ్లు వస్తుందనుకుంటే, ఏరడానికి కిలోకు పది రూపాయల చొప్పున 6,000. బండి కిరాయి, హమాలీ 1,000. అన్నీ కలిపి 25,000.

ఊరికి వచ్చిన దళారీ క్వింటాలుకు 7,000 ఇచ్చాడనుకుందాం. చేతికి 42,000. ఖర్చు పోగా 17,000. పెట్టుబడిలో 15,000 అప్పు తెచ్చినదైతే, నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి చొప్పున ఎనిమిది నెలలకు 2,400 పోతుంది. మిగిలింది 14,600.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. పద్నాలుగు వేలు లాభం వచ్చిందంటారు. కానీ అసలు లెక్క మొదలయ్యేది ఇక్కడే. ఆ చేనులో మొగుడూ పెళ్లాం కలిసి ఎన్ని రోజులు పని చేశారు? విత్తనం పెట్టడం, మొలవని చోట మళ్లీ పెట్టడం, ఎరువు వేయడం, మందు కొట్టడం, కూలీలతో పాటు తామూ వంగి కలుపు తీయడం, అడవి పందులు రాకుండా రాత్రి కావలి. ఇద్దరివీ కలిపి 45 రోజులే అనుకుందాం. 14,600ను 45తో భాగిస్తే రోజుకు 324 రూపాయలు. అదే 2025–26లో తెలంగాణలో ఉపాధి హామీ పనికి కేంద్రం ప్రకటించిన రోజు కూలి 307. అంటే లాభం అనుకున్నది లాభం కాదు, ఇద్దరి కూలి. భూమికి కౌలు వేయలేదు, తెచ్చిపెట్టుకున్న రిస్కుకు పైసా వేయలేదు.

అదీ పంట బాగా వస్తేనే. ఆగస్టులో వాన మొహం చాటేసి నాలుగు క్వింటాళ్లే వస్తే ఏరుడు కూలి రెండు వేలు తగ్గి ఖర్చు 23,000 అవుతుంది. రాబడి 28,000. మిత్తి తీసేస్తే మిగిలేది 2,600. రోజుకు 58 రూపాయలు. చేసిన కష్టంలో తేడా ఏమీ లేదు. ఇంకా చెప్పాలంటే వాన లేని ఏడు రెండోసారి విత్తనం పెట్టాల్సి వచ్చి కష్టం ఎక్కువే అవుతుంది.

ఇప్పుడు ఇంకో అంకె. 2025–26కు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 8,110. ఆ ఆరు క్వింటాళ్లూ ఆ ధరకు అమ్మగలిగితే రాబడి 48,660, ఖర్చూ మిత్తీ పోగా మిగిలేది 21,260, రోజుకు 472. ఒకే చేను, ఒకే మనుషులు, ఒకే చెమట. ఎక్కడ అమ్మారన్న ఒక్క విషయంలోనే రోజు కూలిలో దాదాపు 150 రూపాయల తేడా. మరి అందరూ మద్దతు ధరకు కొనే కాటన్ కార్పొరేషన్ కేంద్రానికే ఎందుకు పోరు? ఎందుకంటే అక్కడ తేమ చూస్తారు. 8 శాతం దాకా పూర్తి ధర. ఆపైన ఒక్కో శాతానికి ఒక శాతం కోత. 12 దాటితే కొనరు. దీపావళి రోజుల్లో మంచులో ఏరిన మొదటి పత్తి తడిగా ఉంటుంది. ఆరబెట్టాలంటే చోటు కావాలి, ఎండ కావాలి, అన్నిటికన్నా ఆగగలిగే ఓపిక కావాలి. ఒకటే గది ఉన్న ఇంట్లో సగం పత్తికి ఇచ్చి మిగతా సగంలో పడుకునే కుటుంబం ఎన్నాళ్లు ఆగుతుంది? అప్పిచ్చిన సావుకారే పత్తి కొనేవాడు కూడా అయినప్పుడు ఆగడం అన్న మాటే రాదు.

ఇందులో ఏరుడు పని గురించి కొంచెం చెప్పాలి. పత్తి ఏరే ఆడవాళ్లు పాత చీర ముక్కను నడుముకు ఒడిలా కట్టుకుంటారు. విచ్చిన కాయకు ఎండిన రెక్కలు ముళ్లలా నిలబడి ఉంటాయి. దూదిని ఐదు వేళ్లతో ఒక్కసారి లాగాలి, ఎండాకు ముక్క అంటకుండా లాగాలి. నాలుగు రోజులకు గోళ్ల సందులు పగులుతాయి. ఉప్పూ కారం తగిలితే మంట. ఒడి నిండేకొద్దీ బరువు నడుము మీద పడుతుంది, అయినా వంగే ఉండాలి. సాయంత్రం గట్టు మీద కాంటా వేస్తారు. కిలోల లెక్కే కాబట్టి, వయసులో ఉన్న పిల్ల ఒక రోజులో సంపాదించిన దానిలో సగం కూడా యాభై దాటిన ఆమెకు రాదు. పొద్దు మాత్రం ఇద్దరికీ ఒకటే.

మద్దతు ధర కట్టడానికి ముందు వ్యవసాయ వ్యయాల, ధరల కమిషన్ ఖర్చును రకరకాలుగా లెక్కిస్తుంది. ఈ లెక్కలు రైతుకు తెలిసి ఉండాలి, ఎందుకంటే అతని పనికి విలువ కట్టేది అక్కడే. మొదటిది ఏ2. రైతు జేబులోంచి పోయినవన్నీ ఇందులో ఉంటాయి: విత్తనం, ఎరువు, కూలీలు, మిత్తి, పనిముట్ల అరుగుదల. దీనికి ఇంటివాళ్ల శ్రమ విలువ కలిపితే రెండో లెక్క. సొంత భూమికి రావలసిన కౌలు, సొంత పెట్టుబడికి రావలసిన వడ్డీ కూడా కలిపితే మూడోది, సీ2. స్వామినాథన్ అధ్యక్షతన 2004 నుంచి 2006 వరకు పనిచేసిన జాతీయ రైతు కమిషన్, ఉత్పత్తి ఖర్చు మీద కనీసం సగం అదనంగా ఇవ్వాలని చెప్పింది. రైతు సంఘాలు అడుగుతున్నది సీ2 మీద ఆ సగం. ప్రభుత్వం 2018 నుంచి ఇస్తున్నానంటున్నది రెండో లెక్క మీద. 2025–26లో మధ్యరకం పింజ పత్తికి ఆ రెండో లెక్క ఖర్చు క్వింటాలుకు 5,140. దానికి సగం కలిపితే 7,710, మద్దతు ధర సరిగ్గా అదే. ఇందులో సొంత భూమికి కౌలు లేదన్నమాట. పైగా ఇది దేశం మొత్తానికి తీసిన సగటు. నీళ్లున్న చోట ఎకరానికి పది పన్నెండు క్వింటాళ్లు తీసే రైతునూ, జైనూర్ గుట్టల మీద రాళ్ల చెల్కలో ఐదు తీసే రైతునూ కలిపి తీసిన సగటు.

ధరల కమిషన్ లెక్కల్లో నాకు ఎప్పుడూ బాధ కలిగించేది మరొకటి ఉంది. మందు కొట్టే పంపు అరుగుదలకు పద్దు ఉంది. నాగలి అరుగుదలకు ఉంది. మోకాళ్ల అరుగుదలకు, నడుము అరుగుదలకు లేదు. ఇంటివాళ్ల శ్రమకు విలువ కట్టినా అది ఆ రోజు కూలి మాత్రమే. అరవై ఏళ్లకు ఆ రెక్కలు పనికి రానప్పుడు తిండి ఎక్కడి నుంచి రావాలన్నది ఆ లెక్కలోకి రాదు. నెల జీతగాళ్ల ఉద్యోగంలో దానికి భవిష్యనిధి అని పేరు పెట్టి పక్కన దాస్తారు. పత్తి చేనుకు భవిష్యనిధి లేదు.

ఇక మిత్తి. ఎకరానికి 2,400 చిన్న మొత్తంలా కనిపిస్తుంది. కానీ ఈ ప్రాంతం చరిత్రలో మనిషిని మనిషికి కట్టేసింది ఇలాంటి చిన్న అప్పులే. నిజాం కాలంలో ఇక్కడ భగేలా అనే పద్ధతి ఉండేది. పెళ్లికో, ఎద్దు చనిపోతేనో, కరువు వస్తేనో ఒక మనిషి సావుకారి దగ్గర కొద్ది మొత్తం తీసుకుంటాడు. తీర్చలేడు కాబట్టి అతని చేనులో పనికి కుదురుతాడు. ఏడాదికి ఇంత ధాన్యం, ఇంత గుడ్డ. ఏడాది తిరిగేసరికి అసలు అలాగే ఉంటుంది, తిన్నది అప్పులో కలుస్తుంది. లెక్క పుస్తకం సావుకారి చేతిలో, చదువు కూడా సావుకారి చేతిలోనే. తండ్రి పోతే కొడుకు అదే పుస్తకంలోకి వస్తాడు. 1976లో వచ్చిన వెట్టిచాకిరీ రద్దు చట్టం తాను రద్దు చేస్తున్న పద్ధతుల జాబితాలో భగేలా, జీతం, పాలేరు, వెట్టి అన్నింటినీ పేరు పెట్టి చేర్చింది. అలాంటి అప్పులన్నీ చెల్లిపోయినట్టేనని కూడా చెప్పింది.

ఆ జీవితాన్ని దగ్గర నుంచి చూసి రాసినవారు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు భారతదేశంలో ఉన్న ఆయన, శత్రుదేశపు పౌరుడిగా హైదరాబాద్ సంస్థానంలోనే చిక్కుపడ్డారు. 1940లో జోడేఘాట్‌లో గోండు తిరుగుబాటు నాయకుడు కుమురం భీం పోలీసు కాల్పుల్లో నేలకొరిగాక, ఆదివాసులు ఎందుకు తిరగబడుతున్నారో నిజాం ప్రభుత్వానికి తెలుసుకోక తప్పలేదు. హైమండార్ఫ్ జైనూర్‌కు దగ్గరలోని మార్లవాయిలో మకాం పెట్టారు, భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి గోండుల మధ్యనే ఉన్నారు. 1943లో అక్కడ గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. 1987లో కన్నుమూసిన బెట్టీ ఎలిజబెత్‌ను మార్లవాయిలోనే సమాధి చేశారు. ఇప్పటికీ ఊరు ఆ దంపతులను తలుచుకుంటుంది.

హైమండార్ఫ్ చూసినది ఇది: అడవిని రిజర్వు చేసి గూడేలను ఖాళీ చేయించారు. రైలూ రోడ్లూ వచ్చాక బయటివాళ్లు దిగి పట్టాలు రాయించుకున్నారు. తాతల నాటి నుంచి తాము దున్నిన నేల మీదే గోండులు కౌలుదార్లయ్యారు, తర్వాత జీతగాళ్లయ్యారు. పని మానలేదు, పని తగ్గలేదు. పని మీద హక్కు పోయింది. ఆయన సూచనల మీద మొదలైన భూ పంపిణీలో 11,198 ఆదివాసీ కుటుంబాలకు సుమారు 1,60,000 ఎకరాలకు పట్టాలు దక్కాయి. అప్పుడు వాళ్ల జీవితంలో వచ్చిన మార్పు గమనించదగ్గది. చేసే పని ఏమీ మారలేదు. అదే జొన్న, అదే నాగలి, అదే వాన కోసం ఎదురుచూపు. మారింది ఒక్కటే. సావుకారి పిలిస్తే రాను అని చెప్పడానికి కాళ్ల కింద నేల దొరికింది.

నా మట్టుకు నాకు ఈ మొత్తం ప్రశ్నకు తాళం ఇక్కడే ఉంది. పని గిట్టుతుందా లేదా అన్నది కష్టం ఎంత ఉందన్నదాన్ని బట్టి తేలదు. ఆ పని వద్దంటే బతకడానికి ఇంకో దారి ఉందా అన్నదాన్ని బట్టి తేలుతుంది. దారి ఉన్నవాడికి పనిచ్చేవాడు తగిన కూలి ఇవ్వక తప్పదు. దారి లేనివాడు ఎంత ఇచ్చినా చేస్తాడని అతనికి తెలుసు.

దీనికి ఒక రుజువు మన దగ్గరే ఉంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లోనే అప్పటి ఆదిలాబాద్, కరీంనగర్ ఉన్నాయి. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ కూలి డబ్బులు స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు పెద్ద పరిశోధన చేశారు. ఆదిలాబాద్‌తో సహా ఎనిమిది జిల్లాల్లో 157 మండలాలు. కొన్ని మండలాల్లో కార్డులు ముందు, కొన్నింటిలో వెనుక. ఏ మండలం ముందు అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. అందుకే తేడా దేనివల్ల వచ్చిందో తేటగా కనిపించింది. పథకం సరిగ్గా నడిచిన చోట కూలి కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఇందులో విశేషం ఏమిటంటే, ఆ పెరిగిన సంపాదనలో 86 శాతం ఉపాధి హామీ పని నుంచి వచ్చింది కాదు, బయటి పనుల నుంచి వచ్చింది. ఇంకో పని దొరుకుతుందన్న భరోసా ఉండేసరికి బయటి కూలి రేటు పెరిగింది, బయట పని దొరకడమూ పెరిగింది. ఉపాధి హామీ పుస్తకంలో ఒక్క రోజు కూడా పేరు ఎక్కనివాళ్లకు సైతం ఆ పథకం లాభం అందింది.

ఈ సంగతి తెలిస్తే ఇప్పుడు జరుగుతున్న మార్పును చదవడం తేలికవుతుంది. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది. ఏడాదికి 100 రోజుల హామీని 125 రోజులు చేస్తామంటోంది, అది మంచిదే. కానీ విత్తనాలు, కోతల కాలంలో మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపేందుకు కూడా అందులో ఏర్పాటు ఉంది. రైతుకు కూలీలు దొరకడం లేదన్నది దానికి చెప్పే కారణం. చిన్న రైతు ఇబ్బంది నిజమే, పైన వేసిన లెక్కలో ఏరుడు కూలి ఎంత బరువో చూశాం. అయినా, కూలికి బేరమాడే బలం అవసరమయ్యేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఎండాకాలంలో ఎన్ని రోజుల పని చూపించినా, పత్తి ఏరే నెలల్లో రెండో దారి మూసేస్తే ఆ బలం ఉండదు. రైతు నష్టాన్ని పూడ్చాల్సింది ధరలో, అప్పులో. కూలి మనిషి ఒడిలోంచి కాదు.

ఆదివాసులు సోమరులు, నాలుగు రోజులు పని చేస్తే ఐదో రోజు కనిపించరు అనే మాట ఈ ప్రాంతంలో ఇప్పటికీ వినపడుతుంది. దుకాణాల్లో, ఆఫీసుల్లో చదువుకున్నవాళ్ల నోట కూడా విన్నాను. ఆ మాట తప్పని చెప్పడానికి రష్యా దాకా వెళ్లాలి. అలెగ్జాండర్ చయనోవ్ అనే వ్యవసాయ ఆర్థికవేత్త 1925లో అచ్చయిన తన పుస్తకంలో రైతు కుటుంబం పని గురించి ఒక సిద్ధాంతం చెప్పారు. కంపెనీ లాభం కోసం నడుస్తుంది, రైతు కుటుంబం అవసరం కోసం నడుస్తుంది. ఇంకొక్క రోజు పని చేస్తే వచ్చేది ఎంత, ఆ రోజు పడే శ్రమ ఎంత అని ఆ కుటుంబం ప్రతిరోజూ తూచుకుంటుంది. ఇంట్లో తినే నోళ్లు ఎక్కువ, పనిచేసే చేతులు తక్కువ అయితే బయట ఎవరూ ఒప్పుకోనంత తక్కువ ప్రతిఫలానికి కూడా తన ఒంటిని తానే పిండుకుంటుంది. అవసరం తీరిందనుకుంటే ఆగుతుంది. అలా ఆగడం లెక్క తెలిసిన పని, బద్ధకం కాదు. రైతు తన లెక్క తానే వేసుకుంటాడని చెప్పిన ఆ మనిషిని స్టాలిన్ ప్రభుత్వం 1930లో అరెస్టు చేసింది, 1937లో కాల్చి చంపింది.

చయనోవ్ చెప్పిన ఆగడం గోండుల క్యాలెండరులోనే ఉంది. దీపావళి రోజుల్లో దండారీ పండుగ. నెమలి ఈకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీ నాట్యకారులతో ఊరంతా మరో ఊరికి అతిథులుగా వెళుతుంది. ఆ ఊరు అన్నం పెడుతుంది, రాత్రంతా ఆట. ఆ నాట్యాన్ని తరాలకు నేర్పిన కనకరాజు మార్లవాయివారే. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబరులో కన్నుమూశారు. జొన్న ముఖ్యమైన పంటగా ఉన్న రోజుల్లో ఆ పండుగకు వీలుండేది. ఇప్పుడు మొదటి పత్తి విచ్చేది సరిగ్గా అప్పుడే. ఏరకపోతే వాన పడి నల్లబడుతుందన్న భయం, మిత్తి పెరుగుతోందన్న భయం. దండారీకి పోయిన ఇల్లు ఎన్ని రోజుల ఏరుడు పోగొట్టుకుందో ఎవరైనా లెక్క వేయవచ్చు. కానీ పండుగకు వెళ్లలేని పరిస్థితికి కూడా ఖరీదు ఉంది. ఇవాళ మీ చేనుకు మేం వస్తాం, రేపు మా చేనుకు మీరు రండి అని కూలి లేకుండా పని పంచుకునే అలవాటు బతికేది ఇలాంటి రాకపోకల మీదే. ఆ సంబంధాలు తెగితే ప్రతి పనికీ పైసలు పెట్టి మనిషిని పిలవాలి.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు ఏరే పనిని కూడా ఈ తూకంలో వేసి చూడాలి. తెల్లవారుజామున చెట్ల కింద రాలిన పువ్వు ఏరి ఎండబెట్టి ఇంట్లో పెట్టుకుంటారు. కొంత తింటారు, కొంత అమ్ముతారు. డబ్బు తక్కువే. కానీ పెట్టుబడి లేదు, అప్పు లేదు, పిలిచేవాడు లేడు, నష్టం అనే మాట లేదు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సంఘంగా ఏర్పడి ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్మడం మొదలుపెట్టాక ఆ పువ్వుకు మరో విలువ వచ్చింది. పత్తిలో గంటకు వచ్చేదానితో పోలిస్తే తక్కువ అనిపించే పని, నష్టపోయే భయాన్ని కూడా తూచితే అంత తక్కువేమీ కాదు.

దక్షిణాన కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు వెళితే ఇదే ప్రశ్న దుబాయి, మస్కట్ పేరుతో ఎదురవుతుంది. రిజిస్టరయిన ఏజెంటు వసూలు చేయదగినది 30,000 రూపాయలు, దాని మీద పన్ను. వాస్తవంలో వీసాకని అంతకు ఎన్నో రెట్లు అప్పుచేసి పోయినవాళ్లు ఆ ఊళ్లలో ప్రతి వాడలోనూ ఉన్నారు. మొదటి ఏడాదో రెండేళ్లో జీతం ఆ అప్పుకే. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటే పని నచ్చకపోయినా మానలేరు. ఎడారిలో నెలకు ముప్పై వేలు అన్నది జైనూర్‌లో రోజుకు మూడు వందల కన్నా ఎంతో ఎక్కువగా కనిపిస్తుంది. అప్పు తీరిన తర్వాత నిజంగానే ఎక్కువ, ఎన్నో ఇళ్లు అలా నిలబడ్డాయి కూడా. కానీ అప్పు తీరే దాకా ఆ మనిషి చేస్తున్నది పాత భగేలాకు చాలా దగ్గరి పని.

జైనూర్ పిల్లలు ఇంటర్, డిగ్రీ చదివి హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డులుగా, గోదాముల్లో, డెలివరీ పనుల్లో చేరుతున్నారు. పదిహేను వేలు జీతమైతే గది కిరాయి, తిండి, బస్సు పోను మూడు నాలుగు వేలు ఇంటికి పంపగలిగితే గొప్ప. అదే డబ్బు ఊళ్లో ఉండి సంపాదించలేరా అని పెద్దవాళ్లు అడుగుతారు. పోవడం తప్పని నేను అనను. కానీ పోయినవాళ్లలో ఇద్దరికి ఫలితం వేర్వేరుగా ఉంటుంది. ఊళ్లో చేను ఉన్న పిల్లవాడు పనిలో అవమానం జరిగితే బస్సెక్కి వచ్చేయగలడు. లేనివాడు తల వంచుకుని ఉండాల్సిందే. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా ఆపుతున్న 1/70 చట్టం దున్నేవాడినే కాదు, దున్నడం మానేసి హైదరాబాద్ గేటు దగ్గర నిలబడ్డ వాడిని కూడా కాపాడుతోంది. ఆ చట్టం అడ్డమని మాట్లాడేవారు ఈ కోణం చూడాలి.

2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీ ఆసిఫాబాద్‌లోనే మొదలైంది. రాష్ట్రమంతటా 1,51,146 మంది ఆదివాసులకు 4,06,369 ఎకరాలు అని ప్రభుత్వం ప్రకటించింది. అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి. పిల్లలకు వస్తుంది కానీ అమ్మడానికీ బదిలీకీ వీల్లేదు. ఇది మంచి నిబంధన, లేకపోతే ఆ నేల మళ్లీ సావుకారి పుస్తకంలోకి పోతుంది. అయితే అమ్మడానికి వీల్లేని భూమి మీద అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. జూన్ మొదటి వారంలో వాన పడగానే విత్తనం కావాలి, అప్పుడు బ్యాంకు తలుపు మూసి ఉంటే తెరిచి ఉండేది సావుకారి దుకాణమే. అక్కడ తీసుకున్న పదిహేను వేలతోనే మిత్తి మొదలవుతుంది, పత్తి అతనికే ఇవ్వాలన్న మాటా అక్కడే ఖాయమవుతుంది, తేమ ఆరే దాకా ఆగలేని తొందరా అక్కడి నుంచే వస్తుంది. పైన వేసిన లెక్కలో రోజుకు 324కూ 472కూ మధ్య ఉన్న తేడా దాదాపు అంతా ఆ ఒక్క వారంలో తేలిపోతోంది. పట్టా కాగితం చూసి జూన్‌లో పంట అప్పు ఇవ్వడం, నవంబరులో మండలంలోనే పత్తి ఆరబెట్టుకునే కళ్లాలు కట్టించడం, కొనుగోలు కేంద్రాన్ని మొదటి ఏరుడు నాటికే తెరవడం. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, ఈ వానాకాలానికే మొదలుపెట్టవచ్చు.